కక్కు కొట్టిన సానరాయి

కొలత లేకుండా మాట్లాడే వాళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లు మంట. "కాస్తంత వెయ్యి", "రవ్వంత చాలు", "ఎంత వెయ్యాలో నీకే తెలుస్తుందిలే" అంటే నాకు తెలియదు. కాస్తంత అంటే ఎంత? అలా అడిగినందుకు పెళ్లికి ముందు అమ్మ చేత, పెళ్లయ్యాక అత్త చేత తిట్లు తిన్నాను. అయినా అడగడం మానలేదు, ఇప్పటికీ మానలేదు.

ఈ జబ్బు నాకు అంటించింది మా నాయన. చిత్తూరు బజారులో ఆయనకు మూలికల అంగడి ఉండేది. మా వాళ్లంతా గుడి కొలువు చేసుకునే వైష్ణవులు. నాయన ఒక్కడే కొలువు వదిలి అంగట్లో కూర్చున్నాడు. దానికి బంధువులు మూతులు ముడిచారు గానీ, దగ్గొస్తే పిప్పళ్లకూ, ఇంట్లో కాన్పయితే శొంఠికీ ఆయన దగ్గరికి రాని వాళ్లు లేరు. వచ్చినప్పుడు మాత్రం మూతులు మామూలుగానే ఉండేవి.

అంగట్లో రెండు తక్కెళ్లు. పెద్దది కరక్కాయలకూ, సుగంధిపాల వేర్లకూ. చిన్నది ఇత్తడిది, అద్దాల పెట్టెలో ఉండేది. దాన్ని బయటికి తీస్తే నాయన ముందు ఫ్యాను ఆపేవాడు. ఎండాకాలం మధ్యాహ్నం, చొక్కా వీపుకి అంటుకుపోతున్నా సరే ఆపేవాడు. కాణిపాకంలో దర్శనం చేసుకుని అటునుంచి అటే వచ్చిన ఊళ్లవాళ్లు ఉక్కకు తట్టుకోలేక తుండుగుడ్డ విసురుకుంటుంటే, "తుండు దించప్పా, తక్కెడ ఊగతా ఉండాది" అని కసిరేవాడు. కొనడానికి వచ్చిన మనిషిని కసిరే వ్యాపారిని నేను ఆయన్నొక్కణ్నే చూశాను.

బడికి సెలవులొస్తే నేను ఆయన పక్కనే కూర్చునేదాన్ని. సునాముఖి ఆకు వానాకాలంలో చెమ్మ పీల్చి బరువెక్కుతుందనీ, అదే ఆకు ఎండాకాలంలో తూస్తే సంచిలో నుంచి ఇంకాస్త తీయాల్సి వస్తుందనీ నాకు అక్కడే తెలిసింది. ఆకుగా ఉన్నప్పటి పిడికెడూ, దంచి పొడి చేశాక పిడికెడూ ఒకటి కావని తెలిసింది. "పిడికెడంటే ఎవురి పిడికెడు పాపా? నీదా? నాదా? ఆ పూతలపట్టు నుంచి వస్తాడే కుస్తీలు పట్టేవాడు, వాడిదా?" అని నాయన అడిగితే నేను పకపకా నవ్వేదాన్ని. తూకంరాళ్లను ఆయన తరచూ వేరే రాళ్లతో సరిచూసుకునేవాడు. ఎందుకని అడిగితే, "సరుకును అందరూ కొలస్తారు. కొలిచేదాన్ని ఎవురు కొలస్తారు?" అన్నాడు. అప్పుడు ఆ మాట నాకు పెద్దగా ఎక్కలేదు.

పెళ్లయి తిరుపతికి వచ్చాక నా పిచ్చికి సరైన జోడీ దొరికింది, మా అత్త రూపంలో. మనిషి నిటారుగా ఉండేది, గొంతు కూడా అంతే. మామ గుడి కొలువులో ఉండేవాడు, మా ఆయనది ఆఫీసు ఉద్యోగం. ఇంటి పెత్తనం మొత్తం అత్తది. మడి అంటే మాటలు కాదు. ఆమె మడిలో ఉన్నప్పుడు మేము గోడకు అతుక్కుని నడవాలి. నన్ను "అంగడోళ్ల బిడ్డ" అని పిలిచేది. నేను "అవును అత్తా, తూకం తెలిసినోళ్ల బిడ్డని" అనేదాన్ని. ఇద్దరం ఒకరికొకరం తీసిపోలేదు.

ఆమె కొలత చుట్లు. చంటిబిడ్డలకు వారానికొకసారి తలంటి నీళ్లు పోశాక మందు పట్టడం మా వైపు వాడుక. వసకొమ్ము, కరక్కాయ, శొంఠి, మాచికాయ, జాజికాయ, అన్నీ బాగా ఎండినవి, ఒక్కొక్కటే సానరాయి మీద నీటిచుక్క వేసి గంధం తీసినట్లు అరగదీస్తారు. దాన్ని గోరువెచ్చని నీళ్లలో కలిపి బిడ్డకు పోస్తారు. ఒకసారి గుండ్రంగా తిప్పితే ఒక చుట్టు. కరక్కాయకు ఇన్ని, వసకు ఇన్ని అని లెక్కలుండేవి. జాజికాయ మాత్రం బిడ్డకు రెండు చుట్లు దాటకూడదు. ఎక్కువైతే మత్తు. ఆ సంగతి అందరికీ తెలుసు.

నేను మొదటి బిడ్డతో పుట్టింటి నుంచి తిరిగొచ్చింది డెబ్బైల చివర్లో. వచ్చిన వారమే మాకు గొడవ మొదలైంది.

"అత్తా, చుట్టంటే ఎంత బరువు?"

"చుట్టంటే చుట్టే."

"మీరు నొక్కి తిప్పితే ఒక చుట్టు, నేను మెల్లిగా తిప్పినా ఒక చుట్టే. రెండూ ఒకటెట్లయితాయి?"

"అందుకే కదే నిన్ను తిప్పనియ్యను."

నేను ఊరుకునే రకం కాదు. నాయన పెళ్లికి ఇచ్చిన చిన్న తక్కెడ నా పెట్టెలో ఉండేది. అత్త మందు అరగదీయడానికి ముందొకసారి, అయ్యాక ఒకసారి జాజికాయను తూచాను. ఆరనిచ్చి మళ్లీ తూచాను. ఇలా చాలా వారాలు చేశాను. ఆమె తప్పు పట్టుకోవాలనే చేశాను, దాచుకోవడమెందుకు. కానీ ముల్లు ప్రతిసారీ అంతే కదిలింది. ఆమె చెయ్యి ఒకే తీరుగా నొక్కేది, ఒకే తీరుగా తిరిగేది. ఆ చేతికి వంక పెట్టలేక తక్కెడను మళ్లీ పెట్టెలో పెట్టేశాను.

ఆమె చేతి మందుకు వీధిలో అంత పేరు ఊరికే రాలేదు. ఆదివారం పొద్దున చంటిబిడ్డల తల్లులు మా అరుగు దగ్గరికి వచ్చేవాళ్లు. బిడ్డకిన్ని చుట్లని లెక్కగట్టి, అందరికీ కలిపి ఒకేసారి అరగదీసి, ఒకే గిన్నెలో కలిపేది అత్త. అందరికంటే ముందు మా వాడికి. తర్వాత వచ్చినవాళ్లకు వరసగా. అందరికంటే చివర, కొంచెం దూరంగా, వీధి చివరి సందులో కుట్టుమిషన్ పెట్టుకుని రవికలు కుట్టే అమ్మాయి నిలబడేది. వాళ్లు క్రైస్తవులు. ఆ అమ్మాయి తన చెంచా తానే తెచ్చుకునేది. అత్త అరుగు మీద నుంచే, తగలకుండా, పైనుంచి ఆ చెంచాలో పోసేది. పోయడం మాత్రం ప్రేమగానే పోసేది. "బిడ్డ కండ పట్టినాడమ్మా" అని ఒక మాట అనేది. అంతకు మించి కిందికి దిగేది కాదు.

ఒక శనివారం నేను బిడ్డకు టీకా వేయించడానికి వెళ్లి ఉండగా రోళ్లకు కక్కు కొట్టే మనిషి వీధిలోకి వచ్చాడు. అరిగి నున్నబడిన రోటి మీదా తిరగలి మీదా ఉలితో గంట్లు పెట్టి మళ్లీ గరుకు చేయడాన్నే కక్కు కొట్టడమంటారు. అత్త రోలూ తిరగలీ వాడి ముందు పెట్టించింది. వాటితో పాటు సానరాయినీ ఇచ్చింది. ఎన్నో ఏళ్ల రాయి అది, అద్దంలా నున్నబడింది. దాని మీద కాయ జారిపోతూ చెయ్యి నొప్పెడుతోందని ఆమె అప్పటికే రెండు మూడు సార్లు విసుక్కుంది. వచ్చిన మనిషి కళ్ల ముందే ఉలి పట్టుకుని కూర్చుంటే ఏ ఇల్లాలైనా ఇంకేం చేస్తుంది? ఇంట్లో ఉన్న రాళ్లన్నీ కొట్టించుకుంది.

నాకు ఈ సంగతి తెలియదు. మర్నాడు ఆదివారం. అత్త బిడ్డకు నీళ్లు పోసింది, సాంబ్రాణి పట్టింది, మందు పోసింది. వాడు పడుకున్నాడు. నీళ్లు పోశాక చంటివాడు నిద్రపోవడం మామూలే కాబట్టి నేను వంటింట్లో పని చూసుకున్నాను.

నాకు గడియారం చూసే అవసరం లేదు. వాడికి ఆకలయ్యే వేళకు నాకు పాలు చేపుకొచ్చేవి. ఆ పొద్దు పాలు చేపుకొచ్చి రవిక తడిసింది. వాడి ఏడుపు వినిపించలేదు. ఇంకాసేపు చూసి వెళ్లి లేపాను. లేవలేదు. అరికాలు గీరితే ముఖం చిట్లించి మళ్లీ మత్తులోకి జారిపోయాడు. మెడ అటు వాలింది.

"అత్తా!" అని నేను అరిచిన అరుపు వీధిలోకి వినిపించి ఉంటుంది.

అత్త వచ్చింది. చల్లటి గుడ్డతో ముఖం తుడిచింది, చెవి మెలిపెట్టింది. చివరికి వాడు సన్నగా ఏడ్చాడు. రొమ్ము నోటికి పెడితే నాలుగు గుక్కలు తాగి వదిలేశాడు. మళ్లీ గీరితే మళ్లీ తాగాడు. అలా తాగిస్తూనే అడిగాను, జాజికాయ ఎంత వేశారని.

"బిడ్డకు రెండు సుట్లు. నా లెక్క తప్పదు."

"రాయి యాడ?"

తెచ్చి చూపించింది. తెల్లటి గంట్లు, కొత్తవి. నాయన అంగట్లో అన్న మాట అప్పుడు ఎక్కింది నా బుర్రకు. సరుకును చూశాను, చేతిని చూశాను. రాయి సంగతి మాత్రం ఏ ఒక్కరం ఆలోచించలేదు.

మాటలతో ఒప్పుకునే మనిషి కాదు ఆమె. బిడ్డను ఒళ్లో పెట్టుకునే జాజికాయ చేతిలోకి తీసుకున్నాను. రాయిని తిరగేస్తే అడుగు వైపు ఇంకా నున్నగానే ఉంది. దాని మీద నీటిచుక్క వేసి రెండు చుట్లు తిప్పాను. తిరగేసి గంట్ల వైపు అదే నొక్కుడుతో రెండు చుట్లు తిప్పాను. మొదటి వైపు తడి రంగు మారిందంతే. రెండో వైపు గోధుమరంగు ముద్ద గంట్లలో నిండి పైకి వచ్చింది.

"సుట్లు తప్పలేదు అత్తా. రాయి మారిపోయింది."

ఆమె ఆ ముద్దను వేలితో తాకి చూసింది.

అప్పుడే నాకు ఇంకో సంగతి తట్టింది. ఇలాంటి మందు నీళ్లలో కరగదు, అడుగుకు దిగుతుంది. ఎన్ని కషాయాలు చూడలేదు నేను. మా వాడు తాగింది పైపై నీళ్లు.

"అత్తా, మనవాడు మొదట తాగినాడు. గిన్నె అడుగున మిగిలింది ఎవురికి పోసినారు?"

"ఆ కుట్టుమిషన్ పిల్లకు" అంది ఆమె. మడిచీర కొంగు భుజం చుట్టూ లాక్కుని, చెప్పులు కూడా లేకుండా గడప దాటింది. నేను బిడ్డను భుజాన వేసుకుని వెనకాలే పరుగెత్తాను. వాడు కునికినప్పుడల్లా వాడి వీపు చరుస్తూనే ఉన్నాను.

దారిలో రెండిళ్లు. మొదటింట్లో బిడ్డ మందు కక్కేసి ఆడుకుంటున్నాడు. రెండో ఇంట్లో పాప మగతగా ఉన్నా పిలిస్తే కళ్లు తెరిచింది. "నిద్రపోనీయొద్దు, పాలు పట్టతా ఉండండి. నా మందు ఎక్కువైంది" అని అత్త రెండిళ్లలోనూ గడపలోనే నిలబడి గట్టిగా చెప్పింది. ఎందుకు, ఎట్లా అని వాళ్లు అడుగుతుంటే ఆగలేదు. సందులోకి తిరిగితే కుట్టుమిషన్ ఇంటికి తాళం.

ఆదివారం కదా. చర్చికి పోయారు.

చర్చి పెద్ద దూరం కాదు. ఎండలో తారు రోడ్డు మీద అత్త వట్టి కాళ్లతో నడిచిన నడకను నేను అందుకోలేకపోయాను. లోపల పాటలు అయిపోయి పాదిరీ ప్రసంగం చెబుతున్నాడు. గడప దగ్గర అత్త ఒక్క క్షణం ఆగింది. నుదుట నామం, ఒంటి మీద మడిచీర. ఆమె అడుగు వెనక్కి వేస్తే మెడ పట్టుకుని తోసైనా సరే లోపలికి పంపేదాన్ని, అంత కోపంగా ఉన్నాను. నాకా పని పడలేదు. ఆమె తలెత్తి ఆడవాళ్లు కూర్చున్న వైపు చూసి, చాపల మధ్యలో నుంచి, ఒకరి మోకాలు తగిలినా ఇంకొకరి పైట తగిలినా చూసుకోకుండా నేరుగా పోయింది.

ఆ అమ్మాయి ఒళ్లో బిడ్డ హాయిగా నిద్రపోతున్నాడు. పక్కవాళ్లు అంతసేపూ ఎంత బుద్ధిమంతుడో అని మెచ్చుకున్నారట. అత్త వంగి బిడ్డను రెండు చేతులా ఎత్తుకుంది. ఆ అమ్మాయి బిత్తరపోయి చూసింది. తన బిడ్డను తాకకుండా పైనుంచి మందు పోసే మనిషి అలా ఎత్తుకుంటే ఎవరైనా బిత్తరపోతారు.

"బిడ్డను లేపమ్మా. పొద్దున నేనిచ్చిన మందు ఎక్కువైంది. ఇచ్చింది నేనే, తప్పు నాదే. తర్వాత ఎన్ని తిట్లయినా తిట్టు, ముందు వీడు లెయ్యాల."

ప్రసంగం ఆగిపోయింది. తల్లి కెవ్వుమంది. ముందు వరసలో నుంచి ఒక పెద్దావిడ లేచి వచ్చింది. మిషన్ ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆమె. బిడ్డ కనురెప్ప ఎత్తి చూసింది, ఛాతీకి చెవి ఆనించింది. ఏమిచ్చారు, ఎంత ఇచ్చారు అని అడిగింది. ఏమిచ్చిందో అత్త వరసగా చెప్పింది గానీ, ఎంత అనే చోట నా వైపు చూసింది. నేను చెప్పాను. మామూలుగా దిగే జాజికాయ ఎంతో తూచి చూసినదాన్ని కాబట్టి చెప్పగలిగాను. గంట్ల రాయి మీద దానికి మూడింతలు దిగి ఉంటుందనీ, ఇది గిన్నె అడుగు కాబట్టి వీడికి ఇంకా పైనే పోయి ఉంటుందనీ చెప్పాను. డాక్టరమ్మ నన్ను రెండోసారి అడగలేదు.

"ఊపిరి బాగానే ఉంది. నిద్రలోకి పోనీయకండి. ఎత్తుకుని తిప్పండి, మాట్లాడండి, ఏడిపించండి. పాలు తాగితే పట్టండి. నేను ఇక్కడే ఉంటాను. ఊపిరి మారితే వెంటనే ఆసుపత్రికి" అంది. తర్వాత అత్త వైపు తిరిగి, చంటిబిడ్డలకు జాజికాయ ఇంకెప్పుడూ పట్టొద్దని కూడా చెప్పింది. "పట్టను" అంది అత్త. ఆ మాట చచ్చేదాకా నిలబెట్టుకుంది.

తల్లి బిడ్డను పట్టుకునే స్థితిలో లేదు. అత్తే చర్చి వసారాలోకి తెచ్చి ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పడం మొదలుపెట్టింది. అరికాళ్లు తట్టింది, బుగ్గలు పుణికింది, "ఒరే నాయనా, లెయ్యరా, నన్ను ఒకసారి సూడరా" అని బతిమాలింది. మాటలు అయిపోయాయి. అప్పుడు తనకు వచ్చిన ఆళ్వార్ల పాశురాలు అందుకుంది. గుడిలో దేవుడి ముందు గోష్ఠిగా వాటిని చెప్పేవాళ్ల ఇంటి కోడలు, నోటికి రాకేం. నిటారు గొంతుతో, చర్చి వసారాలో, ఒకదాని తర్వాత ఒకటి. లోపల పాదిరీ మిగతా ప్రసంగం మానేసి అందరి చేతా ఆ బిడ్డ కోసం ప్రార్థన చేయిస్తున్నాడు. నేను మెట్ల మీద కూర్చుని నా కొడుక్కి పాలిస్తూ రెండూ విన్నాను. వాడు అప్పటికి బాగా తేరుకుని నా గొలుసు లాగుతున్నాడు. నా బిడ్డ గండం గట్టెక్కింది. అయినా నా గుండె మాత్రం ఆమె భుజం మీద ఉన్న పసివాడి దగ్గరే ఉంది. వాడు లేవకపోతే ఈ మనిషి కూడా లేవదని నాకు తెలిసిపోయింది.

ఎంతసేపు తిరిగిందో నేను లెక్కపెట్టలేదు. అన్నిటికీ కొలత అడిగే నేను ఆ పూట ఏదీ కొలవలేదు. ఎండ వసారా మెట్ల మీద నుంచి గచ్చు మీదికి వచ్చింది. అత్త గొంతు బొంగురుపోయింది. తల్లి పక్కనే నడుస్తూ బిడ్డ చెయ్యి పట్టుకునే ఉంది. ఉన్నట్టుండి అత్త నడక ఆపింది. ఆమె మడిచీర మీద భుజం నుంచి నడుము దాకా తడి పాకింది. పసివాడు తడిపేశాడు. మరుక్షణం వసారా దద్దరిల్లేలా ఏడుపు అందుకున్నాడు.

డాక్టరమ్మ వచ్చి చూసి నవ్వింది. తల్లి గోడకు ఆనుకుని కూలబడి, చేతులు రెండూ చాపింది.

అత్తతో నేను పడిన పోట్లాటల్లో ఒక్కదాన్నీ వెనక్కి తీసుకోను. ఆ తర్వాత కూడా ఎన్నో పోట్లాడాను. కానీ ఆ పూట, ఆ తడిసిన చీరతో ఆమె నిలబడిన తీరు చూసి, ఈమె కోడలినైనందుకు నాకు గర్వం కలిగింది. ఏడుపు కూడా వచ్చింది. ఏడ్చాను.

తల్లి చాపిన చేతుల్లోకి ఆమె బిడ్డను ఇవ్వలేదు. ఏడుస్తున్న వాడి తలను తన మెడ కిందికి అదుముకుంది.

"ఉండమ్మా, ఇంకొంచేపు ఉండనీ" అంది. "బాగా లేసినాడో లేదో సూసుకోని ఇస్తా."